స్లాబు (ముందు: వార్షికోత్సవం కుర్చీలు)

ఉదయం తొమ్మిదీ నలభైకి మా ఆఫీసు కంప్యూటరు ఒకసారి కూసేది. ఆ రోజుల్లో కొత్త ఉత్తరాలు వచ్చాయనడానికి అదొక్కటే గుర్తు. ఉదయం తొమ్మిదీ నలభైకి, మధ్యాహ్నం మూడింటికి ఆ యంత్రం బయటి నుంచి ఉత్తరాలు తెచ్చుకునేది. మిగతా వేళల్లో ఎవరి పనులు వాళ్లు చేసుకునేవారు. నెట్ చాలా నెమ్మది. బొమ్మలున్న పేజీ ఒకటి తెరుచుకునే లోపు టీ తాగి గ్లాసు కడిగి బోర్లించేదాన్ని. పోయిన నెల ఆ ఆఫీసు హెడ్ క్లర్కు చనిపోతే, ఆయన్ని తలుచుకోడానికి పెట్టిన ఆదరణ కూడికకి వెళ్లొచ్చాను. అందరం ఆయన్ని చాటున ఫైలు మావ అనేవాళ్లం, ఎదురుగా మావయ్యగారూ అని. కూడికలో ముగ్గురు మాట్లాడారు. ముగ్గురూ ఆయన శాంతమూర్తి అన్నారు. కాదు. ఆయన మొండి మనిషి. ఆయన కింద నాలుగేళ్లు పనిచేసిన నేను ఇంకా మొండిదాన్ని. పోయినవాళ్లని పొగడ్డం నాకు చేతకాదు. జరిగింది చెప్పడం కొంచెం వచ్చు.

అది శ్రీకాకుళంలో ఒక బడుల సంఘం ఆఫీసు. సంఘానికి మూడు బడులు, ఎస్.కోట దగ్గర ఆడపిల్లల హాస్టలు ఒకటి. నాకు ఇరవై రెండేళ్లు, డిగ్రీ అయిపోయింది, మూడు నెలల ట్రయలు మీద తీసుకున్నారు. నా పని ఉత్తరాలు చూడ్డం. ఆ ఉత్తరాలు నల్ల తెర మీద తెల్ల అక్షరాలతో కనబడేవి. మౌసుతో పని లేదు, అన్నీ మీటలతోనే. తెలుగు అక్షరాలు ఆ తెరకి రావు కాబట్టి తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్లం. ఆ ఏర్పాటంతా నాకు ముందు పనిచేసిన కంప్యూటరు మాస్టారిది. ఆయన విశాఖపట్నం వెళ్లిపోతూ ఒక కాగితం మీద ఏ మీట ఏం చేస్తుందో రాసి, గోడకి అంటించి పోయారు. ఆర్ నొక్కితే జవాబు. ఎమ్ నొక్కితే కొత్త ఉత్తరం. కంట్రోలూ యూ కలిపి నొక్కితే విషయం లైను మొత్తం చెరిగిపోతుంది. అన్నిటికన్నా కింద, రెండు గీతలు గీసి, ఒక మాట: 'జవాబులో మాట మారితే విషయం మార్చాలి. పాత విషయం బ్రాకెట్లో పెట్టాలి.'

ఆ రెండు గీతలకి కారణం ఉంది. ఆ తెర మీద ఒక ఉత్తరం కింద దాని జవాబులు వరసగా వేలాడతాయి. జవాబు విషయం పాతదే అయితే యంత్రం ఆ విషయాన్ని మళ్లీ చూపించదు. ఒక బాణం గుర్తు వేసి ఊరుకుంటుంది. విషయం మారిస్తేనే అక్షరాలు కనబడతాయి. అంటే ఇల్లు కాలిపోతోందని రాసినా, అది సుద్దముక్కల ఉత్తరానికి జవాబుగా రాస్తే, చూసేవాళ్లకి ఒక బాణమే కనబడుతుంది. నాకు ఈ సంగతి మొదటి రోజే అర్థమైంది. అర్థమైనందుకు గర్వపడ్డాను కూడా. (ఆ వయసులో ఒక సంగతి అర్థమైతే అది ప్రపంచంలో ఇంకెవరికీ అర్థం కాలేదనే అనిపిస్తుంది.)

అందుకని మొదటి నెలంతా ప్రతి జవాబుకీ విషయం మార్చాను. కోటబొమ్మాళి హెడ్మాస్టరు గారు 'సుద్దముక్కలు పంపండి' అని రాస్తే, 'సుద్దముక్కలు పంపాం (ముందు: సుద్దముక్కలు పంపండి)' అని జవాబిచ్చాను. డబ్బా తడిసి వచ్చిందని ఆయన అంటే 'సుద్దముక్కలు తడిశాయి (ముందు: సుద్దముక్కలు పంపాం)' అన్నాను. తర్వాత 'తడవని సుద్దముక్కలు'. మాస్టారి కాగితంలో మాట మారితే అని ఉంది. నేను ఊపిరి తీసుకున్నప్పుడల్లా మార్చాను.

ఫైలు మావ కంప్యూటరు ముట్టరు. వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ, వెళ్లిన ప్రతి ఉత్తరాన్నీ ప్రింటు తీసి ఆయన బల్ల మీద పెట్టాలి. ఆయన కళ్లజోడు సర్దుకుని పైన విషయం లైను చదివి, ఆ పేరున్న ఫైల్లో గుచ్చి, ట్యాగు బిగించేవారు. ఆ పేరుతో ఫైలు లేకపోతే కొత్త అట్ట తీసి, మీద ముత్యాల్లాంటి అక్షరాలతో పేరు రాసేవారు. కొత్త ఫైలు తెరిస్తే దాని మొదటి పేజీ మీద కార్యదర్శి గారి సంతకం పడాలి. కార్యదర్శి గారు రిటైరైన హెడ్మాస్టరు. మంగళవారం పదకొండింటికి వచ్చి బల్ల మీదున్న ఫైళ్లు మాత్రమే చూసి ఒంటిగంటకి వెళ్లిపోయేవారు. ఆ నెల చివరి మంగళవారం ఆయన ముందు నలభై మూడు కొత్త ఫైళ్లున్నాయి. నలభై మూడూ సంతకం పెట్టి, పెన్ను మూత బిగిస్తూ, "మనకి బడులేమైనా పెరిగాయేమిటండీ?" అని ఫైలు మావని అడిగారు. అందులో నాలుగు ఫైళ్లు ఒకే డబ్బా సుద్దముక్కలవి.

ఆయన అటు వెళ్లగానే ఫైలు మావ నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"ఏటమ్మా, బీరువా నిండిపోనాది. ఇలగైతే రేపు నానూ నువ్వూ బయట కూకోవాల."

"మాట మారితే విషయం మార్చాలి మావయ్యగారూ. మాస్టారు రాసిపెట్టారు."

"ఆ మాస్టారు ఎల్లిపోనాడు. బీరువా ఇక్కడే ఉన్నాది. ముప్పయ్యొక్క ఏళ్ల బట్టి సేస్తన్నాను, ఫైలు పేరు ఒకసారి రాస్తే అదే పేరు. మనిషికి పెట్టిన పేరు ఏడాదికోసారి మారుస్తావేటి?"

"మనిషి వేరే మనిషైపోతే మార్చాలి కదండీ."

ఆయన ఒక క్షణం నన్ను చూసి, "ఇకమీద విషయం ముట్టకు" అని వెళ్లిపోయారు. నేను తల ఊపాను. (ఊపడం ఒప్పుకోవడం కాదు. ట్రయల్లో ఉన్నవాళ్లకి ఊపడం తప్ప దారి లేదు.)

ఇప్పుడు కోట అత్త గురించి చెప్పాలి. ఎస్.కోట హాస్టలు వార్డెన్ని అందరూ అత్త అనే పిలిచేవారు. ఆవిడ నన్ను మొదటి ఫోన్లోనే కోడలా అంది. ముప్ఫై ఏళ్లు పిల్లల్ని పెంచిన మనిషి. మా నల్ల తెరలో ఆవిడకి వచ్చింది ఒకటే: ఆఖరున వచ్చిన ఉత్తరం తెరిచి ఆర్ నొక్కడం. కొత్త ఉత్తరం మొదలుపెట్టడం రాదు. ఏడాదిన్నర కిందట ఆఫీసు నుంచి ఆవిడకి 'వార్షికోత్సవం కుర్చీలు' అని ఒక ఉత్తరం వెళ్లింది. కుర్చీలు వచ్చాయి, వార్షికోత్సవం అయింది, కుర్చీలు తిరిగి వెళ్లిపోయాయి, ఆ తర్వాత ఆఫీసు ఆవిడకి ఇంకో ఉత్తరం రాయలేదు. అత్త మాత్రం ఆ ఉత్తరానికి జవాబు ఇస్తూనే ఉంది. పిల్లకి జ్వరం, బియ్యం బస్తా, వంటమనిషి సెలవు, అన్నీ 'రీ: వార్షికోత్సవం కుర్చీలు'. నా తెర మీద ఆవిడ ఉత్తరాలు ఒకదాని కింద ఒకటి బాణాలు. ఫైలు మావ వాటిని కుర్చీల ఫైల్లో గుచ్చేవారు. అది ముగిసిన ఫైలు. మూసేసిన ఫైలు కార్యదర్శి గారి బల్ల మీదికి వెళ్లదు.

జూలైలో వానలు మొదలయ్యాక ఒక ఉదయం అలాంటి బాణమే ఒకటి తెరిచాను. 'మేడ గదిలో స్లాబు పెచ్చులు ఊడతన్నాయి. ఇనప సువ్వలు కనబడతన్నాయి. కింద పద్దెనిమిది మంది పిల్లలు పడుకుంతన్నారు. ముందు కూడా రాసేను.' అత్త మాట్లాడినట్టే రాస్తుంది. ఆ నల్ల తెర మీద ఆ నాలుగు వాక్యాలు చదివాక వెనక్కి వెళ్లి బాణాలన్నీ తెరిచాను. నేను చేరకముందు నుంచి ఆరుసార్లు రాసింది. మొదటిసారి మార్చిలో, కొంచెం నీరు దిగుతోందని.

ప్రింటు తీసి ఫైలు మావ చేతికిచ్చి, ఇది కార్యదర్శి గారు చూడాలండీ అన్నాను. ఆయన పైన లైను చదివారు. కింద చదవలేదు.

"కుర్చీల ఫైలు ముగిసిపోనాది."

"లోపలున్నది స్లాబు గురించండీ."

"కుర్చీల్లో స్లాబు ఎలగొస్తాది? ఆవిడని కొత్త ఉత్తరం రాయమను. పైన స్లాబు అని ఉంటే నాను కొత్త ఫైలేస్తాను. నాకేటి అడ్డం?"

సరేనని అత్తకి ఫోన్ చేశాను. ఆర్ కాదు అత్తా, ఎమ్ నొక్కు అన్నాను.

"నొక్కీసినాను. ఎవరికి అని అడుగుతన్నాది."

"మా ఆఫీసు అడ్రసు కొట్టు."

"ఆర్ నొక్కితే దానికే తెలుస్తాది గదే. ఎమ్ నొక్కితే దానికి నాను తెల్దేటి?"

"ఇది కొత్త ఉత్తరం అత్తా, చెప్పాలి."

"ఒలమ్మా, నాను కొత్త మనిషినా? అదే స్లాబు, అదే నాను. ఉండు, ఏదో అయిపోనాది, తెరంతా తెల్లగైపోనాది. కోడలా, రాయడం ఆరుసార్లు రాసేను. సదవడం ఒక్కసారి సదవండి."

ఫోన్ పెట్టేసింది. మరునాడు తొమ్మిదీ నలభైకి కంప్యూటరు కూసింది. చూస్తే బాణం.

ఆ మంగళవారం ధైర్యం చేసి కార్యదర్శి గారి బల్ల దగ్గరికే వెళ్లాను. హాస్టల్లో స్లాబు బాగోలేదటండీ అన్నాను. ఆయన మంచి మనిషి. "కాగితం ఏదీ అమ్మా?" అన్నారు. కాగితం మూసిన ఫైల్లో ఉందండీ అన్నాను. ఆయన ఫైలు మావ వైపు చూశారు. "ముగిసిన ఫైలండి, కుర్చీలది" అన్నారు ఫైలు మావ. కార్యదర్శి గారు నవ్వి, "కాగితం రానీ, చూద్దాం" అన్నారు. ఇంటికి వెళ్తూ దారంతా నాలో నేను మాట్లాడుకున్నాను. వాన పడుతూనే ఉంది.

బుధవారం నేను చేసిన పనికి ఇప్పటికీ సిగ్గుపడను. తొమ్మిదీ నలభై ఉత్తరాలు వచ్చాక, నా దగ్గర జవాబు ఇవ్వాల్సినవి ఎన్ని ఉన్నాయో చూశాను. పదకొండు. అత్తది ముందు తీసి ఆర్ నొక్కాను. కింద విషయం లైను వచ్చింది. కంట్రోలూ యూ నొక్కి మొత్తం చెరిపేసి, 'హాస్టలు స్లాబు పెచ్చులూడుతోంది, కింద పిల్లలు పడుకుంటున్నారు (ముందు: వార్షికోత్సవం కుర్చీలు)' అని కొట్టాను. ఇదొక్కటే అయితే ఆయన ఏం చేస్తారో నాకు తెలుసు, ఆ పేరు అత్త రాసింది కాదు, నేను మార్చిందని పాత ఫైల్లో పెట్టేస్తారు. అందుకని మిగతా పదింటికీ అదే చేశాను. 'స్లాబు (ముందు: సుద్దముక్కలు)'. 'స్లాబు (ముందు: బస్సు హారను)'. 'స్లాబు (ముందు: ఇంగ్లీషు టీచరు ప్రసూతి సెలవు)'. లోపల వాళ్లడిగిన దానికి జవాబు బుద్ధిగానే రాసి, చివర హాస్టలు స్లాబు గురించి నాలుగు వాక్యాలు కలిపాను. గంటలోపు కోటబొమ్మాళి హెడ్మాస్టరు గారు ఫోన్ చేశారు.

"అమ్మా, మా బడి పెంకుటిల్లు. మాకు స్లాబే లేదు."

"మీది కాదండీ. ఎస్.కోటది."

"మరి నాకెందుకు రాసినావు?"

"అందరికీ రాశానండీ."

"ఇంతకీ నా సుద్దముక్కలు వస్తాయా?"

ఆఫీసు కాపీలు పదకొండు ప్రింటు తీసి ఫైలు మావ బల్ల మీద పెట్టి, వెళ్లకుండా అక్కడే కూర్చున్నాను. ఆయన మొదటి కాగితం చూశారు. రెండోది చూశారు. పదకొండూ చూశారు.

"ఇదేటమ్మా?"

"విషయాలండీ."

"ఇయన్నీ ఒకటే విషయం కాదేటి?"

"ఒకటే. అందుకే పదకొండుసార్లు రాశాను."

"అలగైతే ఒక ఫైలు సాలు."

"బ్రాకెట్లో ఉన్నవి వేరువేరు. పైన ఏం రాసుంటే అదే ఫైలని మీరే అన్నారు."

"నిన్ను విషయం ముట్టొద్దన్నాను."

"అన్నారు. ముట్టాను."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఎదురుచెప్పే ఆడపిల్ల ఆయన బల్ల ముందు అంతకుముందెప్పుడూ కూర్చోలేదనుకుంటాను. "నీ ట్రయలు ఇంకా నెల ఉన్నాది" అన్నారు మెల్లగా.

"ఉందండీ."

"ఎల్లిపోమంటాను."

"స్లాబు ఫైలు మీద సంతకం పడ్డాక అనండి. వెళ్తాను."

చింపేసి పారేయొచ్చు. ఎవరూ అడగరు. కానీ ముప్పయ్యొక్క ఏళ్లలో ఆయన ఒక్క కాగితం చింపలేదు. వచ్చిన కాగితం ఫైలెక్కాలి. నేను ఆ మొండితనం మీదే నమ్మకం పెట్టుకున్నాను. కాసేపటికి లేచి బీరువాలోంచి పదకొండు అట్టలు తీశారు. ఒక్కో దాని మీద పేరు రాయడం మొదలుపెట్టారు. స్లాబు, బ్రాకెట్లో సుద్దముక్కలు. స్లాబు, బ్రాకెట్లో బస్సు హారను. అక్షరాలు ఎప్పట్లాగే ఉన్నాయి. కొత్త ఫైలు ఏ పాత ఫైల్లోంచి పుట్టిందో ఆ పేజీ నంబరు రాయడం ఆయన పద్ధతి. అందుకు కుర్చీల ఫైలు తెరవాల్సి వచ్చింది. పేజీ నంబరు కోసం వెతుకుతూ ఒక కాగితం దగ్గర ఆగారు. తర్వాత ఇంకోటి తిప్పారు. మార్చి నుంచి అత్త రాసినవన్నీ, పైన లైను కాదు, కిందవి చదివారు. నేను ఎదురుగా కూర్చుని చూశాను. తర్వాతి మంగళవారం దొంతరలో పదకొండు స్లాబుల మీద, మూసేసిన ఆ కుర్చీల ఫైలుని పైన పెట్టింది ఆయనే. ఆదరణ కూడికలో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. వాళ్లకి తెలీదు.

కార్యదర్శి గారు దొంతర చూసి ఒక్కోటీ తిరగేశారు. "అన్నీ స్లాబులేనా? కూలిపోయిందేమిటండీ?"

"ఇంకా లేదండి" అన్నారు ఫైలు మావ. తర్వాత, నేను అనుకోని మాట అన్నారు. "ఆవిడ మార్చి నుంచి రాస్తన్నాదండి. నాను సూడలేదు."

ఆ రోజు కార్యదర్శి గారు ఒంటిగంటకి ఇంటికి వెళ్లలేదు. కారులో ఎస్.కోట వెళ్లారు. అత్త తర్వాత ఫోన్లో చెప్పింది: సాయంత్రానికే పిల్లల మంచాలు కింది వరండాలోకి దింపించారట. రెండోనాడు మేస్త్రి వచ్చి గడ్డపారతో ఒక్క పోటు పొడిస్తే మంచం అంత ముక్క ఊడి పడిందట. "కింద ఎవులూ లేరు కోడలా" అంది. ఇంకేదో అనబోయి, "జీతం ఎప్పుడు పంపుతారు" అంది. ఆ మాట కూడా కుర్చీల ఉత్తరంలో రాసే ఉంది, ఐదో బాణం.

నన్ను వెళ్లిపొమ్మని ఎవరూ అనలేదు. కానీ ఫైలు మావ నాకు ఒక మెమో ఇచ్చారు, టైపు చేసి, ముద్ర వేసి. 'విషయం: విషయములు మార్చుట' అని ఉంది పైన. వివరణ ఇవ్వమన్నారు. నేను చేసింది పద్ధతి కాదని ఒప్పుకుంటాను, తప్పని ఒప్పుకోను అని రాసిచ్చాను. ఆయన చదివి, మార్చమని అడగలేదు. దానికీ ఒక ఫైలు తెరిచి, అందులో గుచ్చి, ట్యాగు బిగించారు. ఆ తర్వాత మేమిద్దరం ఆ మాట ఎత్తలేదు. ఒక్క తేడా. ప్రింటు చేతికిస్తే పైన లైను చదివి ఆగేవారు కాదు. కింది దాకా చదివేవారు. రోజుకి గంట ఆలస్యమయ్యేది. "నీవల్లే" అనేవారు, తల ఎత్తకుండా.

ఆయన రిటైరయ్యాక రెండేళ్లకి నేనూ ఇంకో ఉద్యోగంలోకి వెళ్లిపోయాను. కూడిక రోజు ఆ ఆఫీసు పక్కనుంచే నడిచి వస్తూ లోపలికి వెళ్లాను. నల్ల తెర ఎప్పుడో తీసేశారు. బడులన్నిటికీ ఫోన్లో ఒక గ్రూపు ఉందని, స్లాబు కారినా, టీచరు రాకపోయినా, ఎవరైనా పోయినా అందులోనే పెడతారని అక్కడి అమ్మాయి చెప్పింది. ఫైలు మావ పోయిన కబురు కూడా అందులోనే, రెండు శుభోదయాల మధ్య వచ్చిందట. ఆమె మూడు రోజుల తర్వాత చూసుకుందట. నేను ఆ అమ్మాయికి, మాట మారితే పైన ఒక లైను విషయం రాయాలమ్మా అని చెప్పడం మొదలుపెట్టాను. ఇరవై రెండేళ్ల పిల్లలాగే చెప్పాను, గోడ మీద కాగితం చూపిస్తున్నట్టు చెయ్యి కూడా ఎత్తాను. ఆమె మర్యాదగా తల ఊపింది. ఆ ఊపడం నాకు తెలుసు. నవ్వొచ్చింది. అయినా చివరిదాకా చెప్పే వచ్చాను.

ఆ ఆఫీసులో ఇప్పుడు ఉత్తరానికి విషయం రాయడం లేదు.